జలుబు చేసిన పాప పాలెందుకు తాగట్లేదంటే...

ఎనిమిది నెలల పాపకి మూడు రోజులుగా జలుబు, పాలు పట్టబోతే ఏడుస్తోంది, ఆకలి మందేమైనా వేయాలా అని అడిగారు కదా. ఆకలి మందు వద్దండి. పోయిన చలికాలం మావాడికీ అచ్చం ఇంతే, అప్పుడు ఏడో నెల. రొమ్ము అందుకుని రెండు గుక్కలు తాగేవాడు, వదిలేసి మొహం కందిపోయేలా ఏడ్చేవాడు, మళ్లీ అందుకునేవాడు, మళ్లీ వదిలేసేవాడు. నాకు పాలు తగ్గాయేమోనని టెన్షన్. మా అత్తయ్యేమో దిష్టి తగిలిందని ఉప్పూ మిరపకాయలూ తిప్పిపోశారు (పోనీ, దానివల్ల నష్టమేం లేదు).

అసలు సంగతి ముక్కు. పసిపిల్లలు ఎక్కువగా ముక్కుతోనే ఊపిరి పీలుస్తారు, నోట్లో పాలుండగా ముక్కు బిగుసుకుపోతే గాలాడక వదిలేస్తారు. ఆకలి ఉంటుంది, తాగలేరు, అందుకే ఆ ఏడుపు.

మా పిల్లల డాక్టరు సెలైన్ చుక్కలు రాశారు, ఉప్పునీళ్లే, మందేం ఉండదు. పాలిచ్చే ముందు వెల్లకిలా పడుకోబెట్టి ఒక్కో ముక్కులో రెండు చుక్కలు వేసి, కాసేపాగి, మెత్తటి నూలుగుడ్డ కొన మెలిపెట్టి బయటికొచ్చిన చీమిడి వరకే తీసేదాన్ని. ఇయర్‌బడ్ లోపలికి పెట్టకండి. అప్పుడు కూడా ఒకేసారి కడుపునిండా తాగలేదు, గంటన్నరకోసారి కాస్త కాస్త పట్టాను. ఉగ్గు రెండు రోజులు ముట్టకపోయినా పట్టించుకోలేదు, ఉచ్చ మాత్రం మామూలుగా పోస్తున్నాడా లేదా అని చూసుకున్నా.

ముక్కులో నూనె చుక్కలు, సాంబ్రాణి పొగ వద్దు, ఏడాది నిండేదాకా తేనె నాకించొద్దు. కర్పూరం అసలే వద్దు, పసివాళ్లకి ఫిట్స్ రావచ్చు. ఇంట్లో పెద్ద పిల్లలకి తెచ్చిన జలుబు సిరప్ మిగిలి ఉంటే దాని జోలికీ పోకండి, క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ కలిసిన సిరప్‌లు నాలుగేళ్లలోపు పిల్లలకి వాడొద్దని 2023లోనే కేంద్రం చెప్పింది.

ఇప్పుడు మీరు చేయాల్సింది ఒకటుంది. పాప నిద్రపోతున్నప్పుడు గౌను పైకెత్తి, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని, పొట్ట ఎన్నిసార్లు లేస్తోందో నిమిషం నిండా లెక్కపెట్టండి. నేను మూడో రాత్రి అలా కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టా, నలభై, నలభై రెండు వచ్చాక గానీ కన్ను మూతపడలేదు. ఈ వయసులో 50, ఆపైన వచ్చినా, పీల్చినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నా, ఎనిమిది గంటలుగా ఉచ్చ పోయకపోయినా, మగతగా పడి ఉన్నా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లిపోండి. అవేవీ లేకపోయినా మూడు రోజులైంది, పాలూ తగ్గాయి కాబట్టి రేపు ఒకసారి చూపించేయండి.