విమానంలో ఒక ఆటోపైలట్ తప్పు చేస్తే ఆ సంగతి ఎవరు పట్టుకుంటారు?

విమానంలో రెండేసి, మూడేసి ఆటోపైలట్లు ఉంటే, వాటి మధ్య తేడా వచ్చినప్పుడు దేని మాట చెల్లుతుందని మీరు అడిగారు. నేను ఎయిర్‌బస్ ఏ320 విమానాల ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాల) మరమ్మతుల్లో పదకొండేళ్ళు పనిచేశాను, అందులో నాలుగు చలికాలాలు ఢిల్లీలో గడిచాయి. అందుకే ఆ విమానం సంగతే ముందు చెబుతాను.

ఏ320లో ఆటోపైలట్లు రెండు. ప్రయాణంలో ఎక్కువ భాగం ఒక్కటే పనిచేస్తుంది. రెండోదాన్ని నొక్కితే మొదటిది తప్పుకుంటుంది. నేల మీది నుంచి దారి చూపే ఐఎల్ఎస్ రేడియో సంకేతాల ఆధారంగా రన్‌వే మీదికి దిగేటప్పుడు రెండింటినీ కలిపి పెట్టవచ్చు గానీ, అప్పుడు కూడా నడిపేది మొదటిదే. రెండోది అవే లెక్కలు వేసుకుంటూ సిద్ధంగా ఉండి, మొదటిది ఆగిపోతే వెంటనే అందుకుంటుంది. కాబట్టి వాటి మధ్య తగువుకు తావు లేదు. మొదటిది పాడైన సంగతి దానిలోనే బయటపడుతుంది: ఒక్కో ఆటోపైలట్‌ను నడిపే కంప్యూటరులో ఆజ్ఞ ఇచ్చే భాగం ఒకటి, దాన్ని సరిచూసే భాగం ఒకటి ఉంటాయి, వాటి లెక్కల మధ్య తేడా హద్దు దాటితే ఆ కంప్యూటరు తనంతట తానే తప్పుకుంటుంది.

మూడింటిని పెట్టి, విభేదించిన ఒకదాన్ని పక్కకు నెట్టడం మరో పద్ధతి. బ్రిటిష్ ట్రైడెంట్ విమానాల ఆటోమేటిక్ ల్యాండింగ్ ఇలాంటి మూడు చానళ్ళతోనే జరిగేది. అయితే మెజారిటీ కూడా పొరబడవచ్చు. 2008 నవంబరు 27న ఫ్రాన్సులోని పెర్పిన్యాన్ దగ్గర కూలిన ఏ320లో, అంతకు మూడు రోజుల ముందు కడిగినప్పుడు చేరిన నీళ్ళు పైకి ఎక్కాక గడ్డకట్టి, గాలితో రెక్కలు చేసే కోణాన్ని కొలిచే మూడు సెన్సర్లలో రెండు ఒకే చోట బిగుసుకుపోయాయి. నిజం చెబుతున్న మూడోదాన్ని కంప్యూటర్లు తోసిపుచ్చాయి. విమానంలోని ఏడుగురూ చనిపోయారు.

అందుకే నా దృష్టిలో ఆటోపైలట్లు ఎన్ని ఉన్నాయన్నది కాదు, వాటికి సమాచారం ఎక్కడి నుంచి వస్తోందన్నదే అసలు ప్రశ్న. 2009 ఫిబ్రవరి 25న ఆమ్‌స్టర్‌డామ్‌లో దిగబోతున్న టర్కిష్ బోయింగ్ 737లో, నేల నుంచి ఎత్తును కొలిచే ఎడమవైపు రేడియో ఆల్టిమీటరు, విమానం ఇంకా గాలిలో ఉండగానే, మైనస్ 8 అడుగులు చూపింది. ఆటోపైలట్ కుడివైపు దాన్ని చదువుతూ సక్రమంగానే నడిపింది. ఎడమవైపు దాన్ని నమ్ముకున్న ఆటోథ్రాటిల్ (ఇంజిన్ల శక్తిని తనంతట తానే సర్దే వ్యవస్థ) మాత్రం నేల తగలబోతోందనుకుని ఇంజిన్ల శక్తిని పూర్తిగా తగ్గించేసింది. వేగం పడిపోతున్న సంగతి సిబ్బంది సకాలంలో గమనించలేదు. తొమ్మిది మంది చనిపోయారు.

రేడియో ఆల్టిమీటరుతో నాకూ ఒక అనుభవం ఉంది. ఒక డిసెంబరు రాత్రి, దిగేటప్పుడు 'టక్ టక్ టక్' అని మూడు చప్పుళ్ళు వచ్చి తెర మీద 'క్యాట్ 3 డ్యుయల్' (బయట చూపు చాలా తక్కువగా ఉన్నా రెండు ఆటోపైలట్లతో దిగగల హోదా) పోయిందని, కాసేపటికి మళ్ళీ వచ్చిందని పైలట్ లాగ్‌బుక్‌లో రాశారు. డ్యుయల్ ఉంటే, 100 అడుగుల కిందికి వచ్చాక ఒక ఆటోపైలట్ చచ్చిపోయినా రెండోది ల్యాండింగ్ పూర్తి చేస్తుంది. సింగిల్ అయితే, లోపం వచ్చిన క్షణంలో విమానం అదుపు తప్పదు గానీ పని పైలట్ చేతికి వస్తుంది. ఢిల్లీ పొగమంచులో ఆ తేడా చిన్నది కాదు. నేను కాక్‌పిట్‌లో, ఆటోమేటిక్ ల్యాండింగ్ వ్యవస్థను పరీక్షించే ల్యాండ్ టెస్ట్ పెడితే అంతా సరిగానే ఉందని వచ్చింది. అక్కడితో సంతకం చేసి వదిలేయవచ్చు, కొందరు వదిలేస్తారు కూడా. కానీ వచ్చి పోయే లోపం నేల మీద టెస్టులో చాలాసార్లు దొరకదన్నది ఈ పనిలో అందరికీ తెలిసిందే. తోకవైపు పొట్ట కింద ఉన్న రెండో ఆల్టిమీటరు యాంటెన్నా కనెక్టరు విప్పి టార్చి వేసి చూస్తే, లోపలి పిన్ను చుట్టూ పచ్చటి చిలుము, వేలికి అంటేంత తేమ కనిపించాయి.

డ్యుయల్‌కు నేను సంతకం పెట్టలేదు. ఆ రాత్రి ఆ విమానాన్ని ఢిల్లీ సర్వీసు నుంచి తప్పించి చెన్నైకి పంపారు. మర్నాడు కేబుల్ మార్చాక మళ్ళీ టెస్ట్ పెట్టి పాత హోదాకు తెచ్చాము.