ఆరోగ్య సందేహాలు: క్యాన్ లోపలి జిగురు

ప్రశ్న: మా వీధిలోని వాటర్ ప్లాంటులో రెండు రోజులకొకసారి 20 లీటర్ల క్యాన్ నింపించుకుంటాం. టీడీఎస్ మీటరులో 50 లోపే చూపిస్తోంది. అయినా ఈమధ్య క్యాన్ లోపల చేతికి జిగురుగా తగులుతోంది. వానలు మొదలయ్యాక పిల్లలకు రెండుసార్లు విరేచనాలయ్యాయి. నీళ్లే కారణమా?
— ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: విరేచనాలకు నీళ్లే కారణమని పరీక్ష చేయకుండా చెప్పలేం. ఆ జిగురును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సూక్ష్మజీవులు క్యాన్ గోడకు అంటుకుని తమ చుట్టూ కట్టుకునే పొర అది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. అందులోని బ్యాక్టీరియా క్లోరిన్‌కు కూడా ఒక పట్టాన లొంగదు కనుక, కాసిని నీళ్లు పోసి కుదిపి పారబోస్తే అది వదలదు.

టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను. దాన్నిబట్టి కరిగిన లవణాలెన్నో అంచనా కడుతుంది. సూక్ష్మజీవుల సంగతి దానికి తెలియదు. ప్లాంటువారు ఆ అంకె చూపించి నీళ్లు సురక్షితమని నమ్మబలకడం సరికాదు.

నీటిలోని లవణాలను వడకట్టే ఆర్వో పొరను క్లోరిన్ పాడుచేస్తుంది కాబట్టి, ప్లాంటులో దాన్ని ముందే కార్బన్ ఫిల్టరుతో తొలగిస్తారు. తర్వాత సూక్ష్మజీవులను చంపడానికి వాడే యూవీ (అతినీలలోహిత) కాంతి నీరు దీపం దగ్గరగా ప్రవహిస్తున్నంతసేపే పనిచేస్తుంది. ఓజోను వాడినా అది ఎక్కువసేపు నిలవదు. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిలో వినియోగదారుడి దగ్గరకు చేరేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటికి భారతీయ ప్రమాణమైన ఐఎస్ 10500 చెబుతోంది. మీ క్యాన్‌లోని నీటికి సాధారణంగా ఆ రక్షణ ఉండదు. మురికి క్యాన్, మూత తీశాక తగిలిన చెయ్యి, నీళ్లు ముంచే గ్లాసు, వీటిలో ఏదైనా చాలు, బ్యాక్టీరియా చేరి పెరగడానికి.

వారానికొకసారి పొడుగు పిడి బ్రష్షుతో, సబ్బునీటితో క్యాన్ లోపల, మూత, డిస్పెన్సరు కుళాయి రుద్ది కడగండి. తర్వాత 10 లీటర్ల నీటిలో చెంచాడు బ్లీచింగ్ పౌడరు కలిపి, తేరిన నీటిని క్యాన్‌లో అంతటా తగిలేలా తిప్పి, పావుగంట ఉంచి, వాసన పోయేదాకా మంచినీటితో కడగాలి. ఇసుక వేసి కుదిపే అలవాటు కొందరికుంది. దానివల్ల పడిన గీతల్లోనే మళ్లీ పొర కడుతుంది. బాగా గీతలు పడిన క్యాన్‌ను మార్చేయడమే మేలు. ఎండ తగిలే చోట పెడితే నాచు కూడా పడుతుంది.

ఇంట్లోనే నీళ్లను పరీక్షించడానికి హెచ్‌టూఎస్ (హైడ్రోజన్ సల్ఫైడ్) పరీక్ష సీసాలు అనుకూలం. నీళ్లు పోసి 24 నుంచి 48 గంటలు ఉంచినప్పుడు నల్లబడితే మలసంబంధమైన కాలుష్యం ఉందని అనుమానించాలి. ఒక సీసాలో ప్లాంటు కుళాయి నీళ్లు, మరోదానిలో ఇంట్లో రెండో రోజు క్యాన్ నీళ్లు పట్టండి. ఫలితం తెలిసేదాకా పిల్లల నీళ్లను తెర్లి మరిగాక ఒక నిమిషం ఉంచి దించి, అదే గిన్నెలో మూతపెట్టి చల్లారనివ్వండి. రెండో సీసా ఒక్కటే నల్లబడితే ముందుగా క్యాన్‌ను, ఇంట్లో నీళ్లు వాడే తీరును చూసుకోండి. రెండూ నల్లబడితే ఆ ప్లాంటు నీళ్లు మానేయండి.