ఈవిల్ డెడ్ 2 ని 4కే డిస్క్‌లో మళ్లీ చూస్తే మజా పోతుందా?

మీరడిగింది: ఎప్పుడో క్యాసెట్‌లో చూసిన ఈవిల్ డెడ్ 2 ఇప్పుడు రీమాస్టరై 4కేలో ఉంది కదా, కొంటే మేకప్ అతుకులన్నీ బయటపడి సినిమా తేలిపోతుందా అని.

తేలిపోదు, ఇంకా రుచిస్తుంది. 1987లో శామ్ రైమీ తీసిన ఈ సినిమాలో భయమైనా వెటకారమైనా రబ్బరు తొడుగుల మీదే నడుస్తుంది. సెల్లారులోంచి లేచొచ్చే హెన్రియెట్టా దెయ్యం వేషం కట్టింది దర్శకుడి తమ్ముడు టెడ్ రైమీ. ఒళ్లంతా రబ్బరు సూటే. ఆ దెయ్యం గాల్లో గిరగిరా తిరిగే షాట్‌లో దాని చెవిలోంచి ఏదో ధార కడుతుంది, చూడండి. అది రక్తం కాదు, లోపలున్న మనిషి చెమట! క్యాసెట్ మసకలో ఇలాంటివి కంటికి ఆనేవే కావు. దీన్ని లోపమనేవాళ్లు ఈ సినిమా చూడకపోయినా నష్టం లేదు.

మజా చెడగొట్టేది డిస్క్ కాదు, టీవీ. ముందుగా మోషన్ స్మూతింగ్ (కదలికల్ని నున్నగా చూపించే సెట్టింగ్) ఆపేయండి. కంపెనీని బట్టి దాని పేరు మారుతుంది: ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, ఆటో మోషన్ ప్లస్. హీరో ప్రియురాలు లిండా తల లేకుండా నాట్యం చేసే చోట బొమ్మను కాస్త కాస్త కదుపుతూ ఒక్కో ఫ్రేమూ తీశారు. ఆ కుదుపులోనే దెయ్యం ఉంది. టీవీ మధ్యలో సొంత ఫ్రేములు కల్పించి నున్నగా జారనిస్తే అది టీవీ సీరియల్ డాన్సయిపోతుంది. ఇలాంటి సవరణల్ని తనే ఆపేసే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టేయండి, సగం పని అయిపోయినట్టే. లేకపోతే సినిమా మోడ్ పెట్టి, కలర్ టెంపరేచర్ వార్మ్‌కి మార్చండి. వివిడ్ మోడ్‌లో ఎరుపు ముద్దకట్టేస్తుంది. ఇందులో నలుపు, ఆకుపచ్చ రక్తాలు కూడా కారతాయి కాబట్టి రంగు తప్పితే జోకు కూడా తప్పినట్టే. షార్ప్‌నెస్ చాలా టీవీల్లో 0 దగ్గర, కొన్నింటిలో 50 దగ్గర సహజంగా ఉంటుంది. టైటిల్ అక్షరాల చుట్టూ తెల్లటి గీత కనబడితే ఎక్కువైనట్టు లెక్క.

తెర మీది చుక్కల్ని తుడిచే నాయిస్ రిడక్షన్ మాత్రం పూర్తిగా ఆఫ్. "4కే అన్నారు, తెర నిండా చుక్కలేంటి?" అనేవాళ్లతో వేగలేం. ఆ చుక్కలు ఫిల్మ్ గ్రెయిన్, అంటే ఫిల్మ్ మీది రసాయనపు రేణువులు. బొమ్మ ఉన్నదే వాటిలో. వాటిని తుడిస్తే వాటితోపాటే చర్మం గరుకూ, రబ్బరు ముడతలూ పోయి అందరి మొహాలూ మైనం పూసినట్టుంటాయి. రెండు మూడు బొమ్మలు కలిపిన ట్రిక్ షాట్లలో గ్రెయిన్ ఇంకా లావుగా కనిపిస్తుంది, ఎందుకంటే వాటిని మళ్లీ వేరే ఫిల్మ్ మీదికి ఎక్కించారు. 1981 నాటి మొదటి భాగం 16 ఎంఎం మీద తీసింది. దాని ఫ్రేము 35 ఎంఎం ఫ్రేములో దాదాపు నాలుగో వంతే, కాబట్టి అక్కడ చుక్కలు ఇంకా ఎక్కువ. స్ట్రీమింగ్‌లో డేటా సరిపోక ఈ గ్రెయిన్ గళ్లుగళ్లుగా విరిగిపోతుంది. అందుకే డిస్క్ కొనమంటాను.

అట్ట మీద "రీమాస్టర్డ్" అన్న స్టిక్కర్‌కి విలువ లేదు. ఒరిజినల్ నెగెటివ్‌ని, అంటే కెమెరాలో తిరిగిన అసలు ఫిల్మ్‌ని, 4కేలో స్కాన్ చేశారా, తక్కువ స్పష్టతతో ఉన్న పాత 2కే కాపీనే సాగదీశారా అన్నది చూడాలి. రేకు డబ్బా అందంగా ఉందని అదే సినిమాను మూడోసారి కొనేవాళ్ల సంగతి వేరు, వాళ్లు డబ్బాలు చూస్తారు.

హెచ్‌డీఆర్ (వెలుగునీడల్నీ రంగుల్నీ ఇంకా విస్తారంగా చూపే పద్ధతి) రాకపోతే టీవీలో ఆ హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కి ఎన్‌హాన్స్‌డ్ లేదా డీప్ కలర్ ఆన్ చేయండి. తెర మీద తెల్లటి మెరుపు చుక్కలు వచ్చినా, క్షణంపాటు నల్లబడినా కేబుల్‌ని అనుమానించండి. సెకనుకు 18 గిగాబిట్లు (18 జీబీపీఎస్) మోయగలది కావాలి. ప్రతిసారీ ఒకే చోట ఆగిపోతుంటే డిస్క్ మీద వేలిముద్రలు ఉన్నాయేమో చూసి, మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడవండి, గుండ్రంగా వద్దు. 4కే డిస్కులకు రీజియన్ గొడవ (ఒక ప్రాంతం డిస్కు ఇంకో ప్రాంతం ప్లేయర్‌లో ఆడకపోవడం) లేదుగానీ, పక్కనిచ్చే మామూలు బ్లూరేకి ఉండొచ్చు. ఎక్స్‌ట్రాలు చాలాసార్లు దాంట్లోనే ఉంటాయి.

ఇక 55 అంగుళాల టీవీకి రెండు మీటర్లకన్నా దూరంగా కూర్చునేటట్టయితే 4కేకీ మంచి బ్లూరేకీ స్పష్టతలో పెద్ద తేడా తెలియదు. కుర్చీ ముందుకు జరపలేకపోతే బ్లూరేతోనే సరిపెట్టుకోండి.