పౌడర్ స్కీలు అంత వెడల్పుగా ఎందుకుంటాయి?

స్కీలంటే మంచు మీద జారడానికి బూట్లకు తగిలించుకునే పొడవాటి పలకలు. పౌడర్ అనే మెత్తటి లోతు మంచులో మనిషి కూరుకుపోకుండా, పైన తేలుతూ వెళ్లడానికే ఈ వెడల్పు. బురదలో పలక వేసుకుని నడిస్తే కాలు దిగబడదు కదా, ఇక్కడా అంతే, బరువు ఎక్కువ చోటుకి పంచుకుంటుంది.

లెక్క చూడండి. యంత్రంతో చదును చేసిన మంచు మీద వాడే స్కీ బూటు కింద సుమారు 70 మిల్లీమీటర్లు ఉంటే, పౌడర్ స్కీ 110 లేదా ఆ పైనే ఉంటుంది. రెండూ 180 సెంటీమీటర్ల పొడవే అనుకున్నా, ఆ వెడల్పుతో లెక్కేస్తే ఒక్కో స్కీకి 1,260 చదరపు సెంటీమీటర్లకు బదులు 1,980 వస్తుంది.

వెడల్పు ఒక్కటే చాలదు, ముందు కొన పడవ ముక్కులా పైకి వంగి ఉండాలి. దీన్నే రాకర్ అంటారు. కొన మంచులోకి గుచ్చుకోకుండా పైకి ఎక్కుతుంది, స్కీని పక్కకి జార్చి ఆడుకున్నట్టు తిప్పడమూ తేలికవుతుంది. కశ్మీర్‌లోని గుల్మార్గ్‌లో అఫర్వత్ కొండ వాలు మీద పైన పొడిమంచు, కింద అప్పటికే నలిగిపోయిన గడ్డల మంచు తగిలే రోజున, 105-110 మిల్లీమీటర్ల మధ్య వెడల్పు, బూటు కింద కొంచెం కమాన్‌లా లేచిన వంపు ఉన్న స్కీ రెండింటికీ బాగా పనికొస్తుంది. మరీ వెడల్పైతే గట్టి మంచు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మార్చడం ఆలస్యమై మోకాళ్లు అలిసిపోతాయి.

చాలామంది పొరబడేది ఒకటుంది: లోతు మంచులో వెనక్కి వాలాలని. అలా వాలితే తొడలు పట్టేస్తాయి, స్కీ మాట వినదు. తేల్చే పని స్కీ చూసుకుంటుంది, మీరు బూట్ల మధ్యలో బరువు పెట్టి నిలబడండి.