డెక్ జాయిస్టులు: 16 అంగుళాలకా, 12 అంగుళాలకా?

ఇంటి వెనక 12 అడుగులు ముందుకు, 16 అడుగులు అడ్డంగా డెక్ (కర్ర అరుగు) వేయిస్తున్నారు, పైన కాంపోజిట్ పలకలు (కర్రపొడి, ప్లాస్టిక్ కలిపి చేసినవి). కాంట్రాక్టరేమో 16 అంగుళాలకో జాయిస్ట్ (పలకల కింద వాటిని మోసే కర్ర) చాలంటున్నాడు, మీ ఫ్రెండేమో 12కి ఒకటి లేకపోతే ఊగుతుందని భయపెడుతున్నాడు. ఎవరి మాట వినాలని కదా అడిగారు. పలకలు తిన్నగా వేస్తున్నారా, ఏటవాలుగా వేస్తున్నారా అన్నది మీరు చెప్పలేదు. అసలు జవాబు అక్కడే ఉందండి.

నార్త్ కరోలినాలో మా ఇంటికి అచ్చంగా ఇదే కొలతలో వేయించాం. డ్రాయింగ్‌లో పలకలు తిన్నగా, జాయిస్టులకు అడ్డంగా ఉన్నాయి. దూరం 16 అంగుళాలు, పర్మిట్ వచ్చింది, కర్రల ఫ్రేమ్ ఇన్‌స్పెక్షన్ కూడా అయిపోయింది. సరిగ్గా అప్పుడు మా ఆవిడ పక్క వీధిలో ఎవరింట్లోనో పలకలు ఏటవాలుగా వేసిన డెక్ చూసొచ్చింది. పలకలు కాస్త తిప్పి వేయడమే కదా, పోయేదేముంది అనుకుని సరేనన్నాను.

నాలుగు పలకలు బిగించి చూశాం. మా వాడు అటూ ఇటూ పరిగెత్తితే, వాటి మీద పెట్టిన స్టీలు గ్లాసులో కాఫీ వలయాలు వలయాలుగా కదిలింది. చెప్పుల్లేకుండా నడిస్తే జాయిస్ట్ మీద గట్టిగా, మధ్యలో మెత్తగా, తేడా అరికాలికి తెలిసిపోయేది. అప్పుడు తీసి చదివాను పలకలతో వచ్చిన ఇన్‌స్టలేషన్ కాగితం: తిన్నగా వేస్తే 16, ఏటవాలుగా వేస్తే 12.

లెక్క పెద్ద కష్టం కాదు. 45 డిగ్రీలు తిప్పితే 16 అంగుళాల దూరాన్ని పలక దాటాల్సింది దాదాపు 22న్నర అంగుళాలు. అదే 12 అయితే 17. కాంపోజిట్‌కు మామూలు కర్రంత బిగువు ఉండదు, జులై ఎండకు ఇంకాస్త మెత్తబడుతుంది.

దిద్దుకోవడం ఇంకో తంటా. 16ని 12 చేయడానికి వేసినవి జరపలేం, ప్రతి రెండింటి మధ్యా ఒకటి ఇరికించాలి, అంటే 8 అంగుళాలకు ఒకటి. 16 అడుగులకు 13 జాయిస్టులు ఉన్నాయి, మధ్యలో ఇంకో 12 వేశాం. మొత్తం 25. ముందే 12 అనుకుని ఉంటే 17తో, అంటే నాలుగు ఎక్కువతో పని అయిపోయేది. కొత్త కర్రలు, వాటిని పట్టుకునే కొత్త ఇనుప హ్యాంగర్లు, మళ్లీ ఇన్‌స్పెక్షన్. ఆ వారం ఇంట్లో కాఫీ కూడా నేనే పెట్టుకున్నాను.

మా ఊళ్లో పెంకుటిల్లు వేసేటప్పుడు వడ్రంగి ముందు పెంకు తెప్పించి, దాన్ని పట్టి చూసి, ఆ తర్వాతే రీపర్ల దూరం పెట్టేవాడు. ఇదీ అంతే. ముందు పలక ఏదో, ఎటు వేస్తారో తేల్చండి. కాంపోజిట్ అయితే ఆ కంపెనీ కాగితంలో ఉన్న దూరమే పాటించాలి. ఐదు-బై-నాలుగు అని అమ్మే అంగుళం మందం కర్ర పలకకు అమెరికా బిల్డింగ్ కోడ్ ప్రకారం తిన్నగా 16, ఏటవాలుగా 12. ఇంకా మందమైన 2×6 పలకకు తిన్నగా 24, ఏటవాలుగా 16.

ఇదంతా పలక ఊగకుండా ఉండటానికి. జాయిస్ట్ బరువు మోయడం వేరే లెక్క. సదరన్ పైన్ అనే కర్రలో నంబర్ 2 రకం 2×8, చదరపు అడుగుకు 40 పౌండ్ల లైవ్ లోడ్‌కు (మనుషులు, సామాన్ల బరువుకు), 12 అంగుళాల దూరంలో పెడితే మధ్యలో ఆధారం లేకుండా 13 అడుగుల 1 అంగుళం దాకా నిలుస్తుంది. 16 అయితే 11 అడుగుల 10 అంగుళాలు, 24 అయితే 9 అడుగుల 8 అంగుళాలు. మీది 12 అడుగులు కాబట్టి బీమ్ (జాయిస్టుల రెండో చివరను మోసే దూలం) సరిగ్గా చివర పెడితే, 16 దూరానికి 2×8 రెండు అంగుళాల్లో తప్పుతుంది. బీమ్‌ను ఒక అడుగు లోపలికి జరిపితే సరిపోతుంది. కాబట్టి కాంట్రాక్టర్‌ను దూరం ఒక్కటే కాదు, బీమ్ ఎక్కడ వస్తుందో కూడా అడగండి. మంచు బాగా పడే రాష్ట్రమైతే ఈ అంకెలు పనికిరావు, మీ కౌంటీ టేబుల్ చూడాలి.

గుర్తులు పెట్టేటప్పుడు దగ్గరుండండి. టేపు మొదటి జాయిస్ట్ బయటి అంచుకు తగిలించి 15¼, 31¼, 47¼ దగ్గర గీత గీసి, గీతకు అవతలి పక్క కర్ర పెట్టాలి. కర్ర మందం అంగుళంన్నర కనుక అప్పుడు దాని నడుము 16 మీదికి వస్తుంది. కర్రకు వంపు ఉంటే ఉబ్బు పైకి ఉండాలి. చుట్టూ వేరే రంగు అంచు పలక పెట్టిస్తుంటే దాని కిందకు అడ్డుకర్రలు ఇప్పుడే వేయించుకోండి. ఇంటి గోడకు బిగించి జాయిస్టులు తగిలించే లెడ్జర్ కర్రను మేకులతో సరిపెడతానంటే మాత్రం ఒప్పుకోకండి, దానికి బోల్టులో లాగ్ స్క్రూలో ఉండాలి, పైన నీళ్లు లోపలికి దిగకుండా ఫ్లాషింగ్ రేకు కూడా.

నన్నడిగితే, మీరు తిన్నగా వేస్తున్నా 12కే వెళ్తాను. నాలుగు కర్రలే కదా తేడా, పైగా రేపు మీ ఇంట్లోనూ ఎవరైనా పక్క వీధి డెక్ చూసి రావచ్చు. హాట్ టబ్ ఆలోచన ఏమైనా ఉంటే మాత్రం 12 కూడా చాలదు. 400 గ్యాలన్ల నీళ్లే 3,300 పౌండ్ల పైన, ఏడడుగుల చదరంలో పెడితే చదరపు అడుగుకు 68 పౌండ్లు. ఇంకా టబ్బూ మనుషులూ కలపలేదు. ఆ సంగతి డ్రాయింగ్ వేయకముందే కాంట్రాక్టర్‌కు చెప్పేయండి.