పెరటి టమాటాకు బంబుల్‌బీ, ఆనపపాదుకు మీరే

సందేహం: మాది బొబ్బిలి. నిరుడు న్యూజెర్సీ వచ్చాం. ఈ వేసవిలో మొదటిసారి పెరట్లో టమాటా, వంగ, గుమ్మడి, ఆనప వేశాం. నలుపు, పసుపు కలిసిన బొద్దు తుమ్మెదలు పూల మీద ముసురుతున్నాయి. పిల్లలను కుడతాయేమోనని భయంగా ఉంది. మందు కొట్టేయమని ఒకరు, వద్దని ఒకరు అంటున్నారు. పైగా ఆనప పిందెలు వేలెడు కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయి. దీనికీ ఆ తుమ్మెదలే కారణమా?

జవాబు: మందు డబ్బా ముందు అటక మీద పెట్టేయండి. మీ పెరట్లో జీతం అడగకుండా పనిచేస్తున్నవి అవే. వాటిని ఇక్కడ బంబుల్‌బీ అంటారు. పిందెలు రాలడానికి కారణం వేరే ఉంది, దాని సంగతి తర్వాత చెబుతాను.

మాది పాలకొండ వైపు. అక్కడ పాదు పెట్టి, పందిరి వేసి, నీళ్లు పోయడం వరకే మన పని. ఎండు వెదురు గెడల్లో, ఇంటి వాసాల్లో తొర్ర చేసుకునే నల్ల తుమ్మెదలూ, చెట్ల మీది తేనెటీగలూ మిగతాది చూసుకునేవి. కంది చేను పూత మీద ఉన్నప్పుడు ఆ మోత వినని ఉత్తరాంధ్ర రైతు ఉండడు. బంబుల్‌బీలు మాత్రం మన మైదానాల్లో కనిపించవు. అవి చలి ప్రాంతాలవి; మన దేశంలో హిమాలయాల వైపు ఉంటాయి. అందుకే వచ్చిన కొత్తలో వాటిని చూసి జడుసుకుంటాం.

ఒక ఉదయం టమాటా మొక్క దగ్గర కాసేపు నిలబడండి. బంబుల్‌బీ వచ్చి పువ్వును కాళ్లతో కావలించుకుని తలకిందులుగా వేలాడుతుంది. నడిమి పసుపు మొనను దవడలతో పట్టుకుంటుంది. రెక్కలు కదలవు, ఒళ్లు మాత్రం వణుకుతుంది. మోత ఒక్కసారిగా సన్నబడి పై స్థాయికి పోతుంది. ఆ వణుకుకు పుప్పొడి దాని పొట్ట మీద రాలుతుంది. టమాటా, వంగ పూలలో పుప్పొడి సంచులు మనం అనుకున్నట్టు విచ్చుకోవు, కొనన ఉన్న సన్నని రంధ్రంలోంచి ఉప్పు డబ్బాలోని ఉప్పులా రాలాలి. తేనెటీగకు ఈ విద్య రాదు. బంబుల్‌బీ వెళ్లాక చూస్తే, పట్టుకున్న చోట గోధుమరంగు గాటు కనిపిస్తుంది. ఆ గాటు ఉంటే మీ పువ్వుకు పని జరిగిందన్నమాట.

ఆరుబయట టమాటా గాలికి ఊగినా కొంత కాస్తుంది కానీ, ఇవి వాలిన పూలకు కాయ నిండుగా వస్తుంది. గాలి ఆడని, పంటలు పెంచే గాజు ఇళ్లలో ఒకప్పుడు కూలీలు కరెంటుతో వణికే పుల్లలతో పూలను ఒక్కొక్కటిగా ఊపేవారు. 1987 ప్రాంతంలో బెల్జియంలో బంబుల్‌బీలను పెట్టెల్లో పెంచి ఆ పనికి పెట్టడం వ్యాపారంగా మొదలైంది. ఇంటి పెరడుకు అలాంటి పెట్టెలు కొనవద్దు. పెంపకపు పెట్టెల నుంచి స్థానిక బంబుల్‌బీలకు జబ్బులు అంటుకునే ప్రమాదం ఉంది. పగలు 32 డిగ్రీల సెల్సియస్ దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తే టమాటా పూత రాలుతుంది. అది ఎండ తప్పు, వీటిది కాదు.

ఇక ఆనప. దాని తెల్లని పువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది. బీర కూడా అంతే. అప్పటికి పగటి పురుగులు చాలావరకు పని ముగించుకుంటాయి. పొద్దుగూకాక తిరిగే పెద్ద రెక్కల పురుగులు మీ పేటలో తక్కువైతే పుప్పొడి అందక పిందె పసుపెక్కి రాలిపోతుంది. కాబట్టి ఈ పని మీరే చేయాలి. పువ్వు కింద చిన్న కాయ ఉంటే అది ఆడపువ్వు, ఉత్త కాడే ఉంటే మగది. మసక చీకటి వేళ మగపువ్వు తెంపి, రేకులు వలిచి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా అద్దండి. ఒక మగపువ్వు రెండు మూడు ఆడపువ్వులకు సరిపోతుంది. మొదట్లో మగపూలే వస్తే కంగారుపడకండి, పాదు ముదిరాక ఆడవి వస్తాయి. గుమ్మడి, దోస, కాకర, నేతిబీర పొద్దున విచ్చుకుంటాయి, వాటిని బంబుల్‌బీలకే వదిలేయండి. దోసకాయ ఒక కొన సన్నబడి వంకర తిరిగితే పుప్పొడి చాలలేదని అర్థం.

కుట్టడం గురించి. పువ్వు మీద ఉన్న బంబుల్‌బీ మీ జోలికి రాదు. చేతిలో నలిపినా, గూడు కెలికినా ఆడవి కుడతాయి, తేనెటీగలా కాకుండా మళ్లీ మళ్లీ కుట్టగలవు. ఇంట్లో ఎవరికైనా కాట్లకు అలర్జీ ఉంటే డాక్టరును అడిగి మందు దగ్గర ఉంచుకోండి. బల్లల దగ్గర, వరండా చెక్కల దగ్గర ముఖం ముందు గాల్లో నిలబడి బెదిరించేది వేరే జీవి, పొట్ట వెనుక భాగం నున్నగా మెరుస్తుంది. అది మన ఊరి నల్ల తుమ్మెదకు చుట్టం. అలా బెదిరించేది మగది. దానికి ముల్లే లేదు.

వాటిని నిలుపుకోవాలంటే ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా ఏదో ఒక పూత ఉండాలి. వసంతంలో చలి వదలకముందే రాణి ఒంటరిగా బయటికి వస్తుంది, దానికి అప్పుడు తిండి దొరకాలి. అందుకు క్రోకస్, బ్లూబెర్రీ మంచివి. వేసవికి తెల్ల క్లోవర్, పొద్దుతిరుగుడు, తులసి, సబ్జా. తులసి వెన్నులు గిల్లేయడం మన అలవాటు; రెండు మొక్కలు గిల్లకుండా వదలండి, మోత మీకే వినిపిస్తుంది. చివరికి ఆస్టర్, గోల్డెన్‌రాడ్. గడ్డికి మందు చల్లే మనిషిని పెట్టుకుంటే, పురుగుమందు ఏమిటో అడగండి. ఇమిడాక్లోప్రిడ్ వంటివి మొక్కంతా పాకి పుప్పొడిలోకీ చేరతాయి. వేపనూనె కొట్టాలన్నా చీకటి పడ్డాక, పూల మీద పడకుండా కొట్టండి.

దుకాణాల్లో అమ్మే వెదురు గొట్టాల గూళ్లు వీటికి పనికిరావు, అవి వేరే జాతులకు. బంబుల్‌బీకి పాత ఎలుక బొరియ, ఎండుగడ్డి కుప్ప కావాలి. షెడ్డు కింద గూడు కనబడితే పిల్లలను అటు పోనివ్వకుండా చూసుకుంటే చాలు. చలి రాగానే పాతవన్నీ చనిపోతాయి, కొత్త రాణులు మాత్రం మట్టిలో, ఆకుల కింద నిద్రపోతాయి. కాబట్టి ఆకులు ఊడ్చే పని ఏప్రిల్ చివరి దాకా ఆపండి. పొరుగువారు ఏమనుకుంటారో అన్న బెంగ ఉంటే ఇంటి ముందు ఊడ్చేసి, వెనుక కంచె మూల మాత్రం ముట్టుకోకండి.