వంటింటి చిరుతిళ్లతో చిన్నపిల్లలకు సైన్స్ పరిచయం చేయడం ఎలా?

ఐదేళ్ల పాపకు, ఎనిమిదేళ్ల బాబుకు ప్రయోగాల కిట్లేవీ కొనకుండా వంటింట్లోనే సైన్స్ ఎలా చూపించాలని మీరు అడిగారు. అనంతపురంలో మా ఇద్దరు పిల్లలతో చేసి చూసిన అనుభవంతో చెబుతున్నాను. కొత్త కొత్త ప్రయోగాల కోసం వెతకకండి. ఇంట్లో ఎలాగూ చేసుకునే తినుబండారాన్నే తీసుకుని, పొయ్యి వెలిగించే ముందే "ఏమవుతుందో చెప్పండి" అని అడగండి. వాళ్లు చెప్పింది తప్పయినా వెంటనే దిద్దకండి. దిద్దే పని పొయ్యి చూసుకుంటుంది.

మా ఇంట్లో పిల్లలను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచింపజేసింది చెనిక్కాయల ఉండలకు పట్టే బెల్లం పాకం. ఒక పళ్లెంలో చల్లటి నీళ్లు పోసి పిల్లల ముందు పెట్టి, పాకం ఉడుకుతున్నంతసేపూ మీరే గరిటెతో మధ్యమధ్యలో ఒక్కో చుక్క అందులో వేయండి. మొదటి చుక్క నీళ్లలో చెదిరి కరిగిపోతుంది. కాసేపటి తర్వాత వేసినది అడుగున నిలిచి, వేళ్లతో కూడదీస్తే మెత్తటి ఉండ అవుతుంది. ఇంకా ముదిరాక వేసినది రాయిలా గట్టిపడి, విరిస్తే పుటుక్కున విరుగుతుంది. నీరు ఆవిరయ్యేకొద్దీ పాకంలో తీపి శాతం పెరుగుతుంది, దానితోపాటే పాకం మరిగే వేడీ పెరుగుతుంది. ఉత్త నీళ్లు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరిగితే, మెత్తటి ఉండ కట్టే పాకం సుమారు 115 డిగ్రీల దగ్గర, పుటుక్కున విరిగే పాకం సుమారు 150 డిగ్రీల దగ్గర ఉంటుంది. తమ నానమ్మ ఇన్నేళ్లుగా థర్మామీటరు లేకుండా నీళ్ల పళ్లెంతో కొలుస్తున్నది ఈ వేడినేనని తెలిసినప్పుడు మా అబ్బాయి ఆమెను చూసిన చూపు నాకు ఎంతో ఇష్టం. అయితే పాకం చర్మానికి అంటుకుంటే వదలదు, మరిగే నీళ్లకన్నా ఘోరంగా కాలుస్తుంది కాబట్టి పిల్లలకు పళ్లెమే తప్ప పొయ్యి అందకూడదు.

ఎండాకాలంలో నన్నారి షర్బత్‌తో చేసేది మరొకటి ఉంది. ఒక చిన్న స్టీలు గ్లాసులో షర్బత్, అలాంటిదే మరో గ్లాసులో మంచినీళ్లు పోసి, రెండింటినీ కల్లుప్పు చల్లిన ఐసు ముక్కల మధ్య నిలబెట్టండి. ఉప్పు కలిసిన ఐసు సున్నా డిగ్రీలకన్నా బాగా కిందికి చల్లబడుతుంది. మంచినీళ్లు ముందు గడ్డకడతాయి. చక్కెర ఉన్న షర్బత్ ఆలస్యంగా, మెత్తటి పలుకులుగా గడ్డకడుతుంది. ఐసును కరిగించిన ఉప్పూ, షర్బత్‌ను గడ్డకట్టనివ్వని చక్కెరా చేస్తున్నది ఒకే పని అని, అంటే రెండూ నీళ్లను సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టకుండా ఆపుతున్నాయని మీ బాబు తానే కనిపెట్టే దాకా ఆగండి.

ఐదేళ్ల పాపతో మాత్రం మొక్కజొన్న పేలాలతో మొదలుపెట్టడం మేలు. కొన్ని గింజల పొట్టుకు ముందుగా మీరే చిన్న గాటు పెట్టి, వాటిని విడిగా వేయించండి. మంచి గింజలో ఉన్న కొద్దిపాటి తేమ ఆవిరై, పొట్టు ఆపలేనంత ఒత్తిడి పెరిగి, సుమారు 180 డిగ్రీల దగ్గర గింజ పగులుతుంది. గాటున్న గింజల్లో ఆవిరి ముందే జారిపోవడం వల్ల చాలావరకు పేలవు. ఆవిరి, ఒత్తిడి అనే మాటలు పాపకు అప్పుడే అక్కర్లేదు. గాజు మూత ఉన్న గిన్నె వాడితే ఏ గింజ ఎప్పుడు ఎగిరిందో తానే చూసుకుంటుంది.